తేట నీళ్ళు, మంచి నీళ్ళు

చూసేదానికి తేటగా ఉండే నీళ్ళన్నీ మంచి నీళ్ళు కావు. ఈ మాట సైన్సు పుస్తకంలో చదివినాను, పరీక్షలో రాసినాను, మార్కులు కూడా వచ్చినాయి. అయితే దాని అర్థం నాకు బాగా తెలిసింది మా ఇంట్లోని పది లీటర్ల గాజు తొట్టి వల్ల, అందులో వేసిన రెండు బంగారు చేపల వల్ల. వాటిలో ఒకటి చచ్చిపోయింది, ఒకటి బతికింది. ఎందుకు అట్ల జరిగిందో మన బడి పిల్లలందరికీ తెలిస్తే బాగుంటుందని ఇది రాస్తా ఉండాను.

మార్చి నెలలో హోసూరు చంద్రచూడేశ్వరస్వామి తేరు జరుగుతుంది కదా. ఆ తేరు చూసేదానికి పోయిన మా చిన్నాయన తిరిగి వచ్చేటప్పుడు ఒక చిన్న గాజు తొట్టి, గుప్పెడు రంగు రాళ్ళు, చేపల మేత డబ్బీ, ప్లాస్టిక్ సంచిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చినాడు. అన్నీ మా తమ్ముడి కోసమే. వాడు ఒకటో తరగతి. ఎర్రగా ఉండేదానికి ఎర్రోడు అని, పసుపుపచ్చగా మెరిసేదానికి బంగారి అని వాడే పేర్లు పెట్టినాడు. ఆ రాత్రి అన్నం కూడా తొట్టి ముందర కూర్చొనే తిన్నాడు.

అమ్మిన కొట్లో చెప్పింది రెండే మాటలంట. తొట్టి కడిగి నీళ్ళు పోసి చేపలు వదలాలి, రోజుకు రెండుసార్లు మేత వేయాలి. చేపలకు కూడా తాగే నీళ్ళే మంచివని అమ్మ కొళాయి నీళ్ళు పట్టి పోసింది. మూడు రోజులు బాగానే ఉండాయి. నాలుగో రోజు నీళ్ళు పాలు కలిపినట్ల తెల్లగా అయినాయి. చిన్నాయన కొట్టుకు ఫోను చేసి అడిగితే, "నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు బాగా రుద్ది కడిగి, కొత్త నీళ్ళు పోయండి" అన్నారు. అమ్మ అట్లనే చేసింది. నీళ్ళు అద్దం మాదిరి తేటపడినాయి. రెండు రోజులకు మళ్ళా మసక. మళ్ళా అంతా కడగడం, మళ్ళా కొత్త నీళ్ళు.

తొమ్మిదో రోజు ఎర్రోడు పైకి వచ్చి నోరు తెరుచుకొని గాలి మింగుతా ఉండాడు. మొప్పలు దడదడా కొట్టుకుంటా ఉండాయి. తోక అంచు కాలినట్ల నల్లబడింది. పదకొండో రోజు తెల్లవారి చూస్తే వెల్లకిలా తేలినాడు. తమ్ముడు ఏడ్చి ఏడ్చి, చివరికి నన్ను ఒకటే అడిగినాడు.

"నీళ్ళు అంత తేటగా ఉండాయి కదక్కా, మురికి కూడా లేదు. మరి యాల చచ్చిపోయినాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. బంగారి కూడా ఒక మూల అడుగున కూర్చొని ఉండింది, మేతకు కూడా లేవలేదు. రెండు రోజుల్లో ఇదీ పోతుందని అందరికీ అనిపించింది.

మరుసటి రోజు నేను తొట్టి నీళ్ళు ఒక సీసాలో, కొళాయి నీళ్ళు ఇంకో సీసాలో పట్టుకొని బడికి పోయినాను. సైన్సు సార్ రెండు సీసాలనూ వెలుతురులో పెట్టి చూపించి, "ఏది చేప చచ్చిన నీళ్ళో చెప్పండి" అని తరగతిలో అడిగినారు. ఎవరూ చెప్పలేకపోయినారు. రెండూ ఒకే మాదిరి తేటగా ఉండాయి. మధ్యాహ్నం ప్రయోగశాలలో రెండు పరీక్షనాళికల్లో ఆ నీళ్ళు పోసి, నెస్లర్ కారకం అనే ద్రవం కొన్ని చుక్కలు వేసినారు. అందులో పాదరసం ఉంటుందని మమ్మల్ని ఎవరినీ తాకనీలేదు, ఆ నీళ్ళు సింకులో కూడా పోయలేదు. కొళాయి నీళ్ళు అట్లనే ఉండిపోయినాయి. తొట్టి నీళ్ళు మాత్రం మొదట పసుపుపచ్చగా, తర్వాత టీ డికాషను మాదిరి గోధుమరంగుకు తిరిగినాయి.

"ఇదే మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు. దీని పేరు అమ్మోనియా" అన్నారు సార్.

ఆ అమ్మోనియా ఎక్కడినుంచి వచ్చింది? చేప నుంచే. మనం తిన్న మాంసకృత్తుల్లో మిగిలిన నత్రజనిని మన ఒళ్ళు యూరియాగా మార్చి మూత్రంలో పంపిస్తుంది. చేప దాన్ని అమ్మోనియాగానే, ఎక్కువ భాగం మొప్పల గుండా, నేరుగా నీళ్ళలోకి వదిలేస్తుంది. ఏట్లోనో చెరువులోనో అయితే అది కొన్ని వేల లీటర్లలో కలిసిపోతుంది. పది లీటర్ల తొట్టిలో అయితే చేప విడిచిందంతా చేప చుట్టూనే నిలబడి ఉంటుంది. దానికి తోడు అడుగున మిగిలిపోయిన మేత కుళ్ళితే అదీ అమ్మోనియానే.

సార్ బోర్డు మీద ఒక లెక్క వేయించినారు. చేపల మేత 1 గ్రాము తింటే సుమారు 30 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని నీళ్ళలో చేరుతుంది. 10 లీటర్ల తొట్టి అయితే లీటరుకు 3 మిల్లీగ్రాములు. అదే 100 లీటర్ల తొట్టి అయితే లీటరుకు 0.3 మాత్రమే. మేత ఒకటే, చేప ఒకటే, తొట్టి మారితే విషం పదింతలు తగ్గుతుంది. చిన్న తొట్టిలో చేపలు పెంచడం సులభమని అందరూ అనుకుంటారు, కానీ లెక్క చూస్తే చిన్న తొట్టే కష్టం.

ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాను, అది చేపను పెద్దగా బాధపెట్టదు. రెండోది అయాను కాని అమ్మోనియా, అది మొప్పలను కాల్చేస్తుంది. ఏది ఎంత ఉంటుందో చెప్పేది నీళ్ళ పీహెచ్, వేడి. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే విష రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి సుమారు 5 పాళ్ళు. 9 అయితే 35 పాళ్ళు దాటుతుంది. మా నీళ్ళలో పీహెచ్ కాగితం ముంచితే 8 చూపించింది. అందుకే ఇంకో ఊరి నీళ్ళలో తట్టుకోగలిగే చేప మా నీళ్ళలో తట్టుకోలేకపోవచ్చు.

అట్లయితే పాత తొట్టిల్లో చేపలు ఏళ్ళ తరబడి ఎట్ల బతుకుతాయి? అక్కడ కంటికి కనపడని పనివాళ్ళు ఉంటారు. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను తిని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలో చేరితే రక్తం ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది. నైట్రేట్ మాత్రం చాలా మేలు, ఎక్కువగా పేరుకుంటే తప్ప చేపకు ఇబ్బంది లేదు. ఈ నత్రీకరణ బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరు చేసి చూపించినాడు. మన పొలాల్లో పశువుల ఎరువు వేస్తే, దాన్ని పైరు తీసుకునే రూపానికి మార్చేది కూడా ఈ బ్యాక్టీరియానే. శనిక్కాయ వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, ఇవి ఆ తర్వాత పని చేస్తాయి. పరీక్షకు మనం గీసే నత్రజని వలయం పటంలో బాణం గుర్తులు ఇవే.

కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా ఉండదు. గాజు మీద, రాళ్ళ మీద, స్పాంజి మీద అంటుకొని అది మెల్లగా పెరగాల. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగో రోజు నీళ్ళు పాల మాదిరి కావడం కొత్త తొట్టిల్లో మామూలుగా జరిగేదే. వేరే రకాల బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే అట్ల అవుతుంది, కొన్నాళ్ళకు దానంతట అదే తేటపడుతుంది. కొట్లో చెప్పినట్ల రాళ్ళు రుద్ది కడిగినప్పుడల్లా అప్పుడప్పుడే అంటుకుంటా ఉన్న పనివాళ్ళు కొట్టుకుపోయినారు. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మనకు రోగాలు రాకుండా అది ఉండాల్సిందే. అయితే ఆ నీళ్ళు పట్టిన వెంటనే తొట్టిలో పోస్తే చేప మొప్పలకూ ముప్పే, మంచి బ్యాక్టీరియాకూ ముప్పే. బిందెలో పట్టి మూత వేయకుండా ఒక రోజు పెడితే క్లోరిన్ చాలావరకు గాలిలోకి పోతుంది.

ఇదంతా ఇంట్లో చెప్తే అమ్మకు ఒక పక్క ఆశ్చర్యం, ఒక పక్క దిగులు. "ఇంత తిప్పలు ఏంటికి, దాన్ని తీసుకుపోయి చెరువులో వదిలేద్దాం, పుణ్యం వస్తుంది" అనింది. తమ్ముడు కూడా సరే అన్నాడు, బంగారి బతికితే చాలని. సార్‌ను అడిగితే అస్సలు వద్దన్నారు. గోల్డ్‌ఫిష్ మన చేప కాదు. చైనాలో వెయ్యేళ్ళకు ముందే కార్పు జాతి చేపల్లోంచి రంగుకోసం ఏరి ఏరి పెంచిన చేప. చెరువులో వదిలితే కొంగలకన్నా దొరుకుతుంది, లేదంటే బతికి పెద్దదై అడుగు బురద తవ్వి, మన చేపల గుడ్లు తిని, చెరువును పాడు చేస్తుంది. వేరే దేశాల చెరువుల్లో ఇట్ల వదిలిన గోల్డ్‌ఫిష్ పెద్ద బెడద అయిపోయింది. పెంచేదానికి తెచ్చుకున్న ప్రాణిని మనమే చూసుకోవాల అన్నారు.

అప్పుడు మా అవ్వ ఒక దారి చూపించింది. మా ఇంటి వెనక కానుగ చెట్టు కింద పాత సిమెంటు తొట్టి ఒకటి ఉంది. ఆవులు ఉన్నప్పుడు కుడితి తొట్టి అది. సుమారు 100 లీటర్లు పడుతుంది. "కొత్త సిమెంటు తొట్టి నీళ్ళు పశువుకు కూడా పెట్టము పాపా. సున్నం దిగేదాకా నింపి, నాలుగు నాళ్ళు పెట్టి, పారబోసి, మళ్ళా నింపాల. ఈ తొట్టి ఎప్పుడో పండిపోయింది. దీంట్లో వేయి" అనింది. సిమెంటు నుంచి దిగే సున్నం పీహెచ్‌ను పెంచుతుందని, పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషం పెరుగుతుందని నేను అప్పుడే నేర్చుకొని ఉండాను. అవ్వకు పీహెచ్ అనే మాట తెలీదు, పని తెలుసు.

తొట్టిని సబ్బు లేకుండా వట్టి నీళ్ళతో కడిగినాము. ఒక రోజు నిలువ ఉంచిన నీళ్ళు నింపినాము. చిన్నాయన చిన్న గాలి పంపు, స్పాంజి ఫిల్టరు తెచ్చినాడు. సార్‌కు తెలిసినవాళ్ళ ఇంట్లో రెండేళ్ళుగా చేపల తొట్టి ఉందంట. వాళ్ళ ఫిల్టరులోని స్పాంజి ముక్క ఒకటి, ఎండిపోకుండా ఆ తొట్టి నీళ్ళలోనే పెట్టి తెచ్చి ఇచ్చినారు. నల్లగా, జిగటగా ఉండింది. ఇంత మురికి ముక్కను మంచి నీళ్ళలో వేయడమా అని అమ్మ ముఖం చిట్లించింది. అవ్వ మాత్రం, "పాలకు తోడు వేసినట్ల కదా ఇది" అనింది. సార్ అరగంట చెప్పింది అవ్వ ఒక్క మాటలో చెప్పేసింది.

బంగారికి రెండు రోజులు మేత వేయలేదు. చేప అన్ని రోజులు పస్తు తట్టుకుంటుంది. మేత లేకపోతే అమ్మోనియా కూడా తక్కువ. తర్వాత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత. మేత డబ్బీ తమ్ముడి చేతికి అందకుండా అటక మీదికి పోయింది.

నేను ఒక నోటుపుస్తకంలో అన్నీ రాసినాను. అమ్మోనియా వారానికొకసారి సార్ చూసినారు. నైట్రైట్, నైట్రేట్ చూసేదానికి చిన్నాయన పరీక్ష కాగితాలు తెచ్చినాడు. మొదటి వారం అమ్మోనియా లేత పసుపు, నైట్రైట్ లేదు. రెండో వారం అమ్మోనియా ఇంకా తగ్గింది, నైట్రైట్ కాగితం గులాబీ రంగుకు తిరిగింది. ఆ వారమే బంగారి మళ్ళా అడుగున పడి ఉండింది. తమ్ముడు బడికి కూడా పోనని మొండికేసినాడు. సార్ లీటరుకు 1 గ్రాము లెక్కన కల్లుప్పు వేయమన్నారు. ఉప్పులోని క్లోరైడు, నైట్రైట్‌ను మొప్పల గుండా లోపలికి పోనీకుండా అడ్డుపడుతుందంట. 100 గ్రాముల ఉప్పు కరిగించి పోసినాము. రోజు విడిచి రోజు 30 లీటర్లు తీసి, నిలువ ఉంచిన నీళ్ళు పోసినాము, తీసిన నీళ్ళకు సరిపడా ఉప్పు కలిపి. నాలుగో వారం గులాబీ రంగు లేతబడింది. ఐదో వారం అమ్మోనియా లేదు, నైట్రైట్ లేదు, నైట్రేట్ మాత్రం 20 చూపించింది. తొట్టి పండింది అని నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసినాను. ఆ తర్వాత ఉప్పు వేయడం మానేసినాము. మార్చిన నీళ్ళలో ఉప్పు పోయినాక, ఇప్పుడు ఆ నైట్రేటు నీళ్ళను అమ్మ గులాబీ చెట్లకు పోస్తుంది. అవి మునుపటికంటే గట్టిగా చిగుర్లు వేస్తా ఉండాయి. చేపల మీద అమ్మకు ఉన్న కోపం అక్కడ తీరిపోయింది.

ఇదంతా అయినాక నాకు మా నీళ్ళను చూసే చూపు మారింది. మన కృష్ణగిరి, పక్కన ధర్మపురి జిల్లాల్లో చాలా ఊర్లలో బోరు నీళ్ళు తేటగా, చల్లగా ఉంటాయి. అయితే వాటిలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్ళు చిన్నప్పటినుంచి తాగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు గారలు, ముసలితనంలో కీళ్ళు పట్టుకుపోవడం మనం చూస్తూనే ఉండాము. రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా తెలీదు. ఆ బాధ తీర్చేదానికే హొగెనకల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకం 2013లో మొదలైంది. తమ్ముడి ప్రశ్న మా అవ్వ తరం వాళ్ళు కూడా అడిగి ఉంటారు, నీళ్ళు తేటగానే ఉండాయి కదా అని.

హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట కథ ఇంకో మాదిరి. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని, తమిళంలో తెన్‌పెణ్ణై, బెంగళూరు తూర్పు పక్కగా దిగి అక్కడికి వస్తుంది. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మురుగు నీళ్ళు, సబ్బు నీళ్ళు దాంట్లో కలుస్తాయి. ఆనకట్టలోనుంచి నీళ్ళు వదిలినప్పుడు తెల్లటి నురగ దూది కొండల మాదిరి లేస్తుంది. బెళ్ళందూరు చెరువులో అయితే 2015లోనూ 2017లోనూ మంటలే లేచినాయి. ఏటికి తనను తాను శుభ్రం చేసుకునే శక్తి ఉంది. మా తొట్టి స్పాంజిలో ఉండే పనివాళ్ళే ఏటి ఇసుకలో, రాళ్ళలో కూడా ఉంటారు. అయితే వాళ్ళు మోయగలిగేదానికి ఒక లెక్క ఉంది. పది లీటర్లలో రెండు చేపలు ఎక్కువైనట్ల, ఒక ఏటికి ఒక మహానగరం మురుగంతా ఎక్కువ. గాజు తొట్టిలో పదకొండు రోజుల్లో కనపడిన సంగతి ఏట్లో కనపడేదానికి కొన్నేళ్ళు పడుతుంది, అంతే తేడా.

చేపలు పెంచాలనే ఆశ ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేను చెప్పేది ఇంతే. మొదట తొట్టి కొనండి, పెద్దదిగా కొనండి. నీళ్ళు నింపి, ఫిల్టరు పెట్టి, రోజూ చిటికెడు మేత వేస్తూ తొట్టిని పండనీయండి. దొరికితే పాత తొట్టి స్పాంజి ముక్క తోడు వేయండి. కాగితం మీద అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించినాకనే చేపను తెండి. నీళ్ళు మార్చేటప్పుడు కొంచెమే మార్చండి, స్పాంజిని తీసిన తొట్టి నీళ్ళలోనే పిండండి. కొళాయి నీళ్ళు ఒక రోజు నిలువ పెట్టండి. చేప ఆకలిగా చూస్తా ఉందని మేత వేయకండి, అది ఎప్పుడూ అట్లనే చూస్తుంది.

పోయిన నెల చిన్నాయన ఇంకో ఎర్ర చేప తెస్తానని తమ్ముడికి చెప్పినాడు. వాడు ఎగిరి గంతేస్తాడని అందరమూ అనుకున్నాము. వాడు నేరుగా నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఇంకొకడు వస్తే బంగారికి నీళ్ళు చాలునా? నీ లెక్క పుస్తకం తీసి చూడు" అన్నాడు.